క్లాంగ్ కొత్తదే, లైబ్రరీ పాతది

గురువారం

టిఫిన్ కూడా కాలేదు, టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లాడి మెసేజ్. "అక్కా, ఉబుంటు 22.04 కంటెయినర్‌లో బిల్డ్ పోయింది. ఫార్మాట్ హెడర్ దొరకట్లేదంటోంది. క్లాంగ్ 17 వేశాం కదా, ఉండాలిగా?" క్లాంగ్ అంటే సీ++ కంపైలర్, ఉబుంటు ఒక లినక్స్, కంటెయినర్ అంటే విడిగా కట్టిపెట్టిన దాని పరిసరం. ఫార్మాట్ హెడరేమో స్టాండర్డ్ లైబ్రరీలో టెక్స్ట్‌ని పేర్చిపెట్టే ఫైల్.

ఉండాలనే మా లాగింగ్ లైబ్రరీలోని పాత చెక్ కూడా అనుకుంటోంది. క్లాంగ్ 17 గానీ ఆ పైది గానీ అయితే సీ++20 ఫార్మాట్, లేదంటే మా సొంత కోడ్. కానీ లినక్స్‌లో క్లాంగ్ మామూలుగా వాడేది ఇంకో కంపైలర్ జీసీసీ వాళ్ళ స్టాండర్డ్ లైబ్రరీని. ఇంటివాళ్ళ గిన్నెల్లో వండుకునే అద్దెవాళ్ళ సంసారం దానిది. 22.04తో వచ్చేది జీసీసీ 11. ఫార్మాట్ వచ్చిందేమో 2023లో, జీసీసీ 13తో. ఇక ఎక్కడ దొరుకుతుంది?

అసలు ఈ నంబర్లను నమ్మకూడదు. క్లాంగ్ ఎంత కొత్తదైనా జీసీసీ మాక్రోల్లో (కంపైలర్ తన సంగతులు కోడ్‌కి చెప్పే పేర్లు) తను 4.2నని చెప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌ని నువ్వు ఏ సీ++వి అంటే, ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఇస్తే తప్ప 199711, అంటే పాత సీ++98, అంటుంది, ఇవాళ్టికీ. పాత కోడ్ చెడిపోకూడదనిట. సరేలే.

వెర్షన్ అడగడం మానేసి, ఆ ఫీచర్ ఉందా అనే అడిగేలా మార్చాను. లైబ్రరీలో ఏ ఫీచర్లున్నాయో చెప్పే 'వెర్షన్' హెడర్ ఉందేమో హ్యాజ్-ఇన్‌క్లూడ్‌తో (ఫైల్ ఉందో లేదో చెప్పేది) చూడటం, ఉంటే కలుపుకోవడం, ఫార్మాట్ ఉందని చెప్పే సీపీపీ-లిబ్-ఫార్మాట్ మాక్రో కనపడితేనే ముందుకెళ్ళడం. నాలుగైదు లైన్లు, అంతే.

మధ్యాహ్నమంతా తిన్నది టెస్టులే. టెస్ట్ ఫైల్లోనూ అదే మాక్రో పెడితే, ఫీచర్ లేనిచోట టెస్టులు చప్పుడు లేకుండా మాయమవుతాయి, సీఐ (బిల్డ్‌నీ టెస్టుల్నీ తనంతట తనే నడిపేది) మాత్రం అంతా బాగుందన్నట్టు పచ్చగా ఉంటుంది. రేపెవరో ఉబుంటు 24.04 సీఐ జాబ్‌లో సీ++20 ఫ్లాగ్‌ని 17కి దించినా పచ్చే! ఎర్రగా పోయిన బిల్డ్ కన్నా ఈ పచ్చదనమే నాకు భయం. అందుకని ఏ కంటెయినర్‌లో ఏముండాలో బిల్డ్ సూచనలుండే సీమేక్‌లో రాసేశాను. 24.04లో ఉన్నది జీసీసీ 13 కాబట్టి అక్కడ ఫార్మాట్ ఉండి తీరాలి, మాక్రో లేకపోతే బిల్డ్ అక్కడే ఎర్రర్‌తో ఆగాలి. 22.04లో మా సొంత కోడ్ టెస్టులు నడవాలి. క్లాంగ్‌కి దాని సొంత స్టాండర్డ్ లైబ్రరీ లిబ్‌సీ++ ఇచ్చి ఇంకో జాబ్ పెట్టాలి, అది రేపు.

సాయంత్రం రివ్యూలో పిల్లాడి సలహా: "అక్కా, 22.04నే తీసేస్తే పోలా?"

2027 దాకా దానికి మామూలు సపోర్ట్ ఉంది, వాడేవాళ్ళూ ఉన్నారు. తీయనని చెప్పేశాను.