రక్తం ఎక్కించిన పదిహేను నిమిషాలు

ఈ రోజు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున పదింటి దాకా పడుకున్నా లేచేసరికి ఒళ్లు బరువుగానే ఉంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన రోజు అమ్మ మా వీధి వీధంతా చెప్పుకుంది. ఇప్పుడు అదే ఉద్యోగానికి బయల్దేరాలంటే బూట్లు వేసుకునేటప్పుడే కడుపులో తిప్పుతోంది.

అన్నం తినే వెళ్లాను. ఈ మధ్య ఇదొక్కటి పట్టుదలగా చేస్తున్నాను. వార్డులోకి అడుగుపెట్టాక రాత్రి ఎనిమిది దాకా మంచినీళ్లు తాగడానికి కూడా కుదరని రోజులుంటాయి. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే ఈలోగా ఎవరో ఒకరు "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అంటారు. అందుకని నీళ్లు తాగడమే మానేసిన వాళ్లు మా బ్యాచ్‌లో చాలామంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వాళ్లే పేషెంట్లయిన సందర్భాలూ ఉన్నాయి.

హ్యాండోవర్‌లో, అంటే ముందు షిఫ్టు వాళ్లు పేషెంట్లను అప్పజెప్పేటప్పుడు, నాకు పదకొండు మంది వచ్చారు. జనరల్ వార్డులో ఐదారుగురికి ఒక నర్సు ఉండాలని కాలేజీలో పరీక్షకు చదువుకున్నాం. ఆ లెక్క రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లమే ఇప్పుడు రెట్టింపు మందిని చూస్తున్నాం. ఇద్దరు డిశ్చార్జ్, ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం వాళ్ల వాళ్లు గంటకోసారి నా దగ్గరికే వస్తారు. ఒకరికి జ్వరం దిగడం లేదు. ఆరింటికి యాంటీబయాటిక్స్, ఏడింటికి షుగర్ చెక్ చేసి ఇన్సులిన్, మధ్యలో ఒంట్లోకి ఎన్ని నీళ్లు వెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయి అని రాసే ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులు. ఏది చేసినా ఫైల్లో రాయాలి, కంప్యూటర్లోనూ ఎక్కించాలి. పేషెంటు మొహం చూసిన దానికంటే ఫైలు చూసిందే ఎక్కువ.

పోయిన నెల నైట్ డ్యూటీలో ఒక తాత చనిపోయారు. సెలైన్ ఎక్కే క్యాన్యులా, యూరిన్ పోయే క్యాథెటర్ తీసేశాను, ఒళ్లు తుడిచాను, కట్లు కట్టాను, కాగితాలు రాశాను. తర్వాత పక్క బెడ్ దగ్గరికి వెళ్లి ఇంజెక్షన్ ఇచ్చాను. తెల్లారాక హాస్టల్ దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాను. అప్పుడు తట్టింది, నాకు ఏడుపు రాలేదు, బాధ కూడా లేదు, అసలు ఏమీ లేదు. మొదట్లో ఎవరైనా పోతే బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు కంటే ఈ ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇరవై మూడేళ్లకే రాయిలా అయిపోయానా అనుకున్నాను.

నిద్ర పట్టని ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు. ఎవరైనా పేషెంటో వాళ్ల వాళ్లో కుంగిపోయి కనిపిస్తే చెప్పమని మాకు నేర్పిన నంబరే. తెలుగులోనే మాట్లాడారు. ఎన్ని గంటలు పడుకుంటున్నావు, నైట్లు ఎన్ని పడుతున్నాయి, మాట్లాడుకోవడానికి పక్కన ఎవరున్నారు అని అడిగారు. ఓపికగా విన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తంతా అయిపోవడం, పని మీద మనసు విరిగి దూరమైపోవడం, ఎంత చేసినా సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం. మూడూ నాకున్నాయి. అయితే ఆ సంస్థ బర్నౌట్‌ని జబ్బు అనలేదు, పనిచేసే చోట ఒత్తిడి ఏళ్లూ నెలలూ సర్దుబాటు కాకుండా ఉండిపోతే వచ్చే పరిస్థితి అంది. ఆ మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. నర్సు అన్నాక ఓర్పుండాలి అని బంధువులు అన్నప్పుడల్లా లోపమంతా నాలోనే ఉందనుకునేదాన్ని.

ఇవాళ నాలుగింటికి బ్లడ్ బ్యాంక్ నుంచి బ్యాగ్ వచ్చింది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన ఒక పెద్దమ్మకి. ఇంకో సిస్టర్‌ని పిలిచి ఇద్దరం పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), గ్రూపు, బ్యాగ్ నంబరు, ఎక్స్‌పైరీ చదువుకుంటూ సరిచూశాం. బీపీ, పల్స్, టెంపరేచర్ రాసుకుని నెమ్మదిగా మొదలుపెట్టాను. రక్తం మొదలుపెట్టాక మొదటి పదిహేను నిమిషాలు నర్సు పక్కనే ఉండాలి. చలి, దురద, నడుము నొప్పి, ఆయాసం, రియాక్షన్ ఏదైనా పెద్దగా వచ్చేదుంటే ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. కాబట్టి ఆ పదిహేను నిమిషాలు ఎవరు పిలిచినా నేను కదలను. కదలకూడదు కూడా.

"ఏ ఊరు బిడ్డా మీది?" అంది పెద్దమ్మ. మధిర దగ్గర అన్నాను. వాళ్ల ఆడబిడ్డను అటువైపే ఇచ్చారట. మిరపతోటలో కూలికి వెళ్లినప్పుడు కళ్లు తిరిగి పడిపోయిందని, పిల్లలకు చెప్తే పని మాన్పిస్తారని చాలా రోజులు దాచిందని చెప్పింది. ఈ సంగతి కేస్ షీట్లో లేదు. నేను రాశాను, డ్యూటీ డాక్టర్‌కి కూడా చెప్పాను. మాట్లాడుతూనే నా చెయ్యి పట్టుకుని "నువ్వు తిన్నవా?" అంది. తిన్నాను పెద్దమ్మా అన్నాను. నా గొంతు పట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

నేను రాయినేం కాలేదు. పదకొండు మంది మధ్య పరిగెత్తేటప్పుడు ఏదైనా అనిపించడానికి టైమ్ ఉండదు, అంతే. ఇలా రక్తం ఎక్కించేటప్పుడు తప్ప మనిషి పక్కన నిలబడే వీలు మాకు ఎవరూ ఇవ్వడం లేదు. నర్సులు ఎందుకు మానేస్తున్నారు, జర్మనీ వెళ్లిపోవడానికి జర్మన్ భాష ఎందుకు నేర్చుకుంటున్నారు అని అడిగేవాళ్లు ముందు ఈ సంగతి చూడాలి. నా రూమ్మేట్ రోజూ పొద్దున్నే ఆ క్లాసులకే వెళ్తోంది. తనను ఆపాలని నాకైతే లేదు.

ఎనిమిదిన్నరకి హ్యాండోవర్ అయ్యాక ఇన్‌చార్జ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. నైట్లు అయిన మర్నాడే మార్నింగ్ షిఫ్టు వేయొద్దని, మధ్యలో ఒక రోజు పూర్తిగా ఆఫ్ ఇవ్వమని అడిగాను. చేతులు వణికాయి కానీ మొత్తం చెప్పాను, ఆ తాత సంగతి కూడా. ఆవిడ కాసేపు ఏమీ అనకుండా విన్నారు. వచ్చే నెల డ్యూటీ లిస్టులో ఆఫ్ ఇవ్వడానికి చూస్తానన్నారు, పేషెంట్ల సంఖ్య మాత్రం తన చేతిలో లేదన్నారు. అది నిజమే. అందుకే ఆ సంఖ్య గురించి మా వార్డు వాళ్లందరం సంతకాలు పెట్టి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి లెటర్ ఇద్దామనుకుంటున్నాం. రాసే పని నేను తీసుకున్నాను.