నాయన చేతికి సరిపడే రాడ్

ఈ వేసవిలో మా నాయన కోసం ఒక ఫ్లై రాడ్, అంటే చేపలు పట్టే ఒక రకం గాలం కర్ర, కట్టాను. 9 అడుగుల పొడవు, నాలుగు ముక్కలు, 5వ నంబరు లైనుకు, అంటే గాలం దారానికి, సరిపోయేది. ఇంతకు ముందు నాకోసం రెండు కట్టుకున్నాను గానీ వాటి గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు, దీని గురించి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది పెనుమూరు దగ్గర ఒక పల్లె. ఉద్యోగం కోసం తిరుపతికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు నాయన వెంట చెరువు గట్టుకు పోయి, వెదురు కర్రకు దారం కట్టి, నెమలి ఈక కాడను బెండుగా పెట్టి, వానపాము గుచ్చి జిలేబి చేపలు పట్టేవాళ్ళం. మూడేళ్ళ కిందట నాయన బండి మీద నుంచి పడ్డాడు. కుడి చేతి చివరి రెండు వేళ్ళు అప్పటి నుంచి పూర్తిగా మడత పడవు. నా రాడ్ ఒకసారి చేతికిస్తే రెండు విసుర్లకే పిడి జారిపోయింది, ఏమీ అనకుండా నాకు తిరిగి ఇచ్చేసి గట్టు మీద కూర్చున్నాడు. కొనే రాడ్లన్నిటికీ పిడి దాదాపు ఒకే లావు ఉంటుంది, ఆయన చేతికి అవి సరిపోవు. అందుకే కట్టాలనుకున్నాను.

తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మామూలు గాలంలో సీసం గుండు బరువుకో ఎర బరువుకో దారం ముందుకు పోతుంది. ఫ్లై గాలానికి కట్టేది కొక్కేనికి కోడి మెడ ఈకలు చుట్టి పురుగులా చేసిన ఎర, ఉఫ్ అంటే ఎగిరిపోయేంత తేలిక. బరువంతా లైనులోనే ఉంటుంది. 5వ నంబరు లైను మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలి, అంటే సుమారు 9 గ్రాములు. ఆ 9 గ్రాములను వెనక్కి విసిరి, లైను వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగి, మళ్ళీ ముందుకు విసరాలి. రాడ్ ఎక్కడ వంగుతుంది, ఎంత వంగుతుంది, చేతిలో ఎలా కూర్చుంటుంది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఈ రాడ్లు ఒకప్పుడు వెదురుతోనే చేసేవాళ్ళు. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, ఒక్కొక్క బద్దను 60 డిగ్రీల కోణంలో చిత్రిక పట్టి, ఆరింటిని కలిపి అతికిస్తే ఆరు పలకల కడ్డీ తయారవుతుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో దీనికి వాడిన వెదురు మన దేశం నుంచే కలకత్తా కేన్ అనే పేరుతో వెళ్ళేది, తర్వాత చైనా టోంకిన్ వెదురు దాని స్థానం తీసుకుంది. ఈ సంగతి చెప్తే నాయనకు చాలా నచ్చింది. "మన వెదురేనా!" అని రెండు మూడు సార్లు అడిగాడు. నేను వాడింది మాత్రం కార్బన్ ఫైబర్ బ్లాంక్, అంటే పిడి, రింగులు ఏవీ లేని ఉత్త కడ్డీ. వెదురు చీల్చి చేసేంత పనితనం నాకింకా రాలేదు, వస్తుందనే ఆశ ఉంది.

ముందు పిడి. దీనికే రెండు వారాలు పట్టింది. అర అంగుళం మందం ఉండే కార్క్ బిళ్ళలు 14 తీసుకుని, ఒక్కొక్కదాని మధ్య రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో కొంచెం కొంచెం పెద్దది చేస్తూ బ్లాంక్ మీద బిగుతుగా కూర్చునేలా చేయాలి. బ్లాంక్ కింద లావు, పైకి పోయేకొద్దీ సన్నం కాబట్టి ఏ రెండు బిళ్ళల రంధ్రాలూ ఒకటి కావు. జిగురు పెట్టి బిగించి, ఆరాక ఉప్పుకాగితంతో అరగదీయాలి. నాయన చేతి కొలత కోసం గోధుమ పిండి ముద్దను గట్టిగా పట్టుకోమన్నాను, వేళ్ళ అచ్చు పడింది. చిటికెన వేలు దగ్గర అచ్చు అసలు లోతుగా లేదు. అక్కడ పిడిని లావుగా ఉంచి, బొటనవేలు ఆనే చోట సన్నం చేశాను.

రీల్ (లైను చుట్టుకునే చక్రం) బిగించే చోట చెక్క ముక్కకు ఎర్రచందనం బాగుంటుంది కదా అని ఒక స్నేహితుడన్నాడు. శేషాచలం పక్కన బతుకుతూ ఆ చెట్టుకు ఏమవుతోందో చూస్తున్నవాణ్ణి, ఆ మాటే వద్దన్నాను. మా పాత ఇంటి దూలం ముక్క ఒకటి ఉంటే, అందులోని చింత చేవను తీసి కడసాన పట్టించాను. నల్లగా, కొంచెం ఊదా రంగు కలిసి ఎంత బాగుందో.

లైను దూరి పోయే రింగులు కడ్డీ మీద ఎక్కడెక్కడ పెట్టాలన్నదానికి పట్టికలు దొరుకుతాయి, వాటిని గుడ్డిగా నమ్మొద్దు. రింగులను ముందు టేపుతో తాత్కాలికంగా అంటించి, వాటిలోంచి లైను దూర్చి, చివర చిన్న బరువు వేలాడదీసి రాడ్‌ను వంచి చూడాలి. లైను రాడ్ వంపు వెంటే పోవాలి, ఎక్కడైనా అడ్డంగా కోసుకుని పోతుంటే అక్కడి రింగును జరపాలి. నేను మూడింటిని జరిపాను. ఆ తర్వాత ప్రతి రింగు కాలినీ, అంటే కడ్డీకి ఆనే రేకునూ, కత్తి అంచులా పలచగా అరగదీయాలి, లేకపోతే దారం దాని మీదికి ఎక్కేటప్పుడు సందు పడుతుంది.

రింగులను కడ్డీకి చుట్టి కట్టే దారం నీరుగట్టువారిపల్లె నుంచి వచ్చింది. మదనపల్లెలో పట్టు మగ్గాల పేట అది, అక్కడ మా బంధువులు నేత నేస్తారు. చీరలో మిగిలిన పసుపు రంగు పడుగు పోగులు అత్తమ్మ ఒక కండెకు చుట్టి ఇచ్చింది. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. చివర నాలుగైదు చుట్ల కింద ముందే ఒక దారం మడతను పెట్టుకుని, కొసను దాంట్లో దూర్చి లాగేస్తే ముడి లేకుండా బిగుసుకుంటుంది. ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే చోట కూడా దారం చుట్టి తీరాలి, అది లేకపోతే బరువు పడ్డప్పుడు గొట్టం చీలిపోతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: పట్టు మీద నేరుగా ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు పూత) పూస్తే అది లోపలికి ఇంకి దారం గాజులా అయిపోతుంది, కింది కడ్డీ కనబడుతుంది. పసుపు పసుపుగానే ఉండాలంటే ముందు రంగు నిలిపే ద్రావణం పూయాలి. నేను ఒక ముక్క మీద పరీక్షించి చూశాక, పూయకుండానే వదిలేశాను. ముదురు తేనె రంగు వచ్చింది.

ఎపాక్సీ పూశాక రాడ్ మెల్లగా తిరుగుతూనే ఉండాలి, ఆగితే ఒక పక్కకు కారి గడ్డ కడుతుంది. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళెం తిప్పే మోటారు ఒకటి రిపేరు షాపులో దొరికింది, నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. మే నెల ఎండలో ఎపాక్సీ గిన్నెలోనే చిక్కబడుతుందని రాత్రి తొమ్మిది దాటాక పూశాను. పావుగంట కాకముందే గాలివాన, కరెంట్ పోయింది. నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు. నాయన లేచి వచ్చి, స్టూలు లాక్కుని, "నువ్వు లైటు పట్టుకోరా" అని రాడ్ చివర రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. ఫోన్ వెలుతురులో రెండు గంటలకు పైగా తిప్పుతూనే ఉన్నాడు. ముందు ఆపకుండా, తర్వాత రెండు నిమిషాలకొక పావు చుట్టు, చివర్లో ఐదు నిమిషాలకొకటి. మధ్యలో తాత గురించి చెప్పాడు, చెరువు నిండి మరవ పారినప్పుడు ఎదురెక్కే చేపల్ని తాత పంచెతో ఎట్లా పట్టేవాడో. నాకు ఇవేవీ ఇంతకు ముందు తెలియవు. కరెంట్ వచ్చేసరికి ఎపాక్సీ కదలడం మానేసింది. తెల్లారి చూస్తే ఒక్క రింగు దగ్గర కూడా కారలేదు.

జూన్ మొదటి ఆదివారం మా ఊరి చెరువుకు పోయాం. చెరువు వేలం పాడుకున్నాయన్ని అడిగి, పొద్దున్నే, ఎండ ముదరక ముందే. వెనక్కి విసిరాక ఆగడం నాయనకు మొదట కుదరలేదు, వెదురు గాలం అలవాటు. ఒక పది సార్లు లైను మెడ చుట్టూ చుట్టుకుంది. తర్వాత తనే అన్నాడు, "ఇది వడిసెల మాదిరిరా, వదిలే అదను చూసుకోవాల". చిన్నప్పుడు జొన్న చేలో పిట్టల్ని తోలిన చెయ్యి అది. ఆ మాట అన్నాక లైను నీళ్ళ మీద సాఫీగా పరుచుకుంది. పిడి జారలేదు.

ఎనిమిదింటిలోపు జిలేబీలు ఆరు పడ్డాయి, అరచెయ్యంత ఉన్నవి. ఏడోది తెంపుకుని పోయింది. అప్పుడు రాడ్ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు ఆనే చోటు చూపించి, "ఇక్కడ ఇంకొంచెం, నూలుపోగంత తీయాల" అన్నాడు. బ్యాగులో ఉప్పుకాగితం ఉంది. గట్టు మీదే కూర్చుని నేను కొంచెం అరగదీయడం, ఆయన పట్టుకుని చూడడం, మళ్ళీ నా చేతికివ్వడం. నాలుగోసారికి ఇవ్వలేదు, లేచి నీళ్ళ దగ్గరికి పోయాడు.