ఆదివారం చుక్క

ప్రతి ఆదివారం పొద్దున్నే మణికట్టు దగ్గర మొదలుపెట్టి, కుడి ముంజేతి మీద వేలితో తట్టుకుంటూ పైకి పోతాను. చిటికెనవేలు జివ్వుమన్న చోట ఆగి నీలం పెన్నుతో చుక్క పెడతాను. తెగిన నరం తాలూకు మొలక అక్కడిదాకా వచ్చిందని గుర్తు. 1915లో జూల్ టినెల్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని రాసిపెట్టాడు, ఇంకా ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. వందేళ్లు దాటినా నా దగ్గరున్న పరికరం ఇదే: ఒక వేలు, ఒక పెన్ను, ఒక స్కేలు.

అద్దం పగిలి మోచేతికి కాస్త పైన అల్నార్ నరం తెగింది. మోచెయ్యి గోడకి తగిలితే ప్రాణం జిల్లుమంటుందే, ఆ నరం. అంచులు నలిగిపోవడంతో నేరుగా కుట్టడం కుదరలేదు. నాలుగు సెంటీమీటర్ల ఖాళీకి పిక్క నుంచి సూరల్ నరం ముక్క తీసి అతికారు. చేతికి అప్పిచ్చిన పాపానికి నా పాదం బయటి అంచు మొద్దుబారింది, చెప్పు జారిపోయినా తెలియదు.

విచిత్రమేమిటంటే, ఆ కాలి ముక్కలోని తీగలు ఎలాగూ చచ్చిపోతాయి. కావలసింది వాటి చుట్టూ ఉండే ష్వాన్ కణాలు. నరం తెగితే కింది భాగంలోని తీగలు కొద్ది రోజుల్లో కుళ్లిపోతాయి. ఆ చెత్తను ఎత్తిపోసి, సంఖ్య పెంచుకుని, వరసగా నిలబడి మొలకకు దారి చూపించేవి ఈ కణాలే. పైనుంచి వచ్చే మొలక వాటిని పట్టుకునే పాకుతుంది, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. వారానికి నా చిటికెనవేలి గోరంత!

మోచెయ్యి నుంచి అరచేతి కండరాలకి ముప్పై సెంటీమీటర్లు. లెక్క మీరే వేసుకోండి. ఈలోగా కింద కాచుకుని ఉన్న కణాలు నెలలు గడిచేకొద్దీ అలసిపోతాయి, మొలకను పెంచే రసాయనాలు తగ్గించేస్తాయి. కండరం కూడా ఏడాది, ఏడాదిన్నర దాటితే చిక్కి నారగట్టిపోతుంది. అంటే నరం పెరగదని కాదు బాధ, చేరేసరికి ఇంట్లో ఎవరూ ఉండరేమోనని.

వేరే రకం కణాలుగా మారగల మూలకణాల గురించి రాత్రుళ్లు చదవడం అందుకే మొదలైంది. సొంత ష్వాన్ కణాలు కావాలంటే మరో నరాన్ని బలిపెట్టాలి, పైగా అవి ల్యాబులో నిదానంగా పెరుగుతాయి. అదే కొవ్వులోంచి మూలకణాలు తీసి, న్యూరెగ్యులిన్, ఫోర్స్కోలిన్ వంటి రసాయనాలు పోసి పెంచితే, కండెల్లా సన్నగా సాగి ష్వాన్ కణాల పోలిక తెచ్చుకుంటాయి. వాటిని ఒక గొట్టంలో నింపి ఎలుక తుంటి నరంలో సెంటీమీటరు ఖాళీకి వంతెనగా పెట్టారు, ఖాళీ గొట్టం కంటే బాగానే దాటింది. కాలు కోసే పని తప్పుతుందన్నమాట. నా పాదం సంగతి తలుచుకుంటే అదే పెద్ద వరం.

అయితే ఆ రసాయనాలు ఆపేస్తే కణాలు పాత వేషంలోకి జారుకుంటాయి. నాటినవాటిలో చాలావరకు త్వరగానే చచ్చిపోతాయి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాక చూపిన దారిలో చర్మకణాన్ని వెనక్కి తిప్పి చేసిన మూలకణాలైతే కావలసినన్ని పెంచొచ్చు గానీ, సరిగ్గా మారని కణాలు మిగిలితే కణితి పుట్టే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా నన్ను కుంగదీసేది ఎలుక సైజు. దాని సెంటీమీటరెక్కడ, నా ముప్పై ఎక్కడ.

నేను ఇవన్నీ చదువుతున్నానని తెలిశాకే మా బావ ఒక మూలకణాల క్లినిక్ నంబరు పంపాడు. "మూడు ఇంజెక్షన్లు, స్పర్శ వచ్చేస్తుంది సార్" అన్నారు ఫోనులో. ఏ కణాలండీ అని అడిగితే "బెస్ట్ క్వాలిటీ" అన్నారు. నరంలోకి ఎక్కిస్తారా అంటే, కాదట, సెలైన్‌తో పాటు రక్తంలోకట. అవి వెతుక్కుంటూ వెళ్తాయట! కుట్టిన డాక్టరుగారికి చెబితే నవ్వలేదు, "డబ్బు కట్టలేదు కదా?" అని మాత్రం అడిగారు. బావకి ఇప్పటికీ నా మీద కోపమే, మొండివాడినని.

ఆపరేషనై ఏడు నెలలు. నిన్నటి చుక్క మచ్చ నుంచి పదహారు సెంటీమీటర్ల దగ్గర పడింది, అంతకుముందు వారం చుక్క ఇంకా పూర్తిగా చెరగలేదు. ఫిజియో నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగింది. బొటనవేలు కణుపు దగ్గర వంచి నేను దొంగతనంగా పట్టుకోబోయాను. "వంచకండి" అంది. కాగితం ఆమె చేతికే వెళ్లిపోయింది.