ఇరవై ఐదున బస్సులుండవు

లండన్‌లో డిసెంబర్ 25న బస్సులు నడవవు, మెట్రో నడవదు, రైళ్ళూ నడవవు. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. మనకి పండగంటే ఆర్టీసీ వాళ్ళు స్పెషల్ బస్సులు వేస్తారు, సంక్రాంతికి ఒంగోలు బస్టాండులో కాలు పెట్టే సందుండదు. ఇక్కడ డ్రైవర్లు కూడా ఇంట్లో కూర్చుని పండగ చేసుకుంటారు. చేసుకోనీ, నాకేం కడుపుమంట లేదు. కాకపోతే మంచంలో ఉన్న ముసలివాళ్ళకి ఆ రోజు కూడా తెల్లారుతుంది, వాళ్ళని లేపడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి.

నాది కేరర్ పని. పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి లేపడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, మాత్రలివ్వడం, టీ పెట్టివ్వడం. కొందరికి రోజుకి నాలుగుసార్లు వెళ్ళాలి, దాన్ని కాల్స్ అంటారు. అసలు లేవలేని మనిషి దగ్గరికి ఇద్దరం వెళ్ళి హాయిస్టుతో, అంటే మనిషిని పైకెత్తే యంత్రంతో, ఎత్తుతాం. 2024 మార్చి 11 నుంచి ఈ పనికి వచ్చేవాళ్ళు భర్తనీ పిల్లల్నీ వెంట తెచ్చుకునే వీల్లేకుండా రూలు మార్చారు. నేను ఆ తర్వాత వచ్చినదాన్ని. మా ఆయన, పాప ఒంగోల్లో ఉంటారు, నేను లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఒక గదిలో ఉంటాను. 2025 జులై 22 నుంచైతే బయటి దేశాల వాళ్ళని కొత్తగా ఈ పనిలోకి తీసుకోవడమే ఆపేశారు. కాబట్టి పండగ రోజుల్లో కొత్త మనుషులు వచ్చి ఆదుకుంటారన్న ఆశ లేదు. ఉన్నవాళ్ళమే ఒకరి బదులు ఒకరం చేసుకోవాలి.

డిసెంబర్ రోటా, అంటే ఎవరికి ఏ రోజు ఏ పనో రాసిన జాబితా, వచ్చింది. 25న నాకు పొద్దున్నుంచి రాత్రిదాకా కాల్స్ వేశారు, రాకపోకలు ఎవరివి వాళ్ళు చూసుకోవాలని కింద ఒక ముక్క రాశారు. క్యాబ్‌లో తిరిగితే ఆ రోజు వచ్చే జీతమంతా దానికే సరిపోయేట్టుంది. ఆ టెన్షన్‌లో ఉంటే మాతోనే పనిచేసే కావలి తమ్ముడు ఫోన్ చేశాడు. అతనికి కారుంది.

"అక్కా, ఆరున్నరకి కింద ఉండు. లేటు చేసినావంటే నేను పోతా."

ఆ రోజుల్లో ఇక్కడ ఎనిమిదైతేగానీ తెల్లారదు, సాయంత్రం నాలుక్కే చీకటి. ఆ చీకట్లో నన్ను ఒక ఇంటి దగ్గర దింపి, తన కాల్ చూసుకుని, మళ్ళీ వచ్చి ఎక్కించుకుని ఇంకో ఇంటికి, అట్లా రాత్రిదాకా తిప్పాడు. మధ్యాహ్నం ఒక సందులో కారాపి, హీటరు వేసుకుని, నేను ముందురోజు రాత్రి వండిపెట్టుకున్న పలావు, కోడికూర తిన్నాం. మా క్రిస్మస్ విందు అదే. ఆ టైముకి ఒంగోల్లో ఆరాధన అయిపోయి, చుట్టాలు తిని పడుకుని కూడా లేచుంటారు.

రాత్రి దిగేటప్పుడు పెట్రోలుకని ఇరవై పౌండ్ల నోటు గేరు పక్కన పెట్టాను. అతనికి కోపమొచ్చింది.

"ఏందక్కా ఇది? మాయమ్మ నెల్లూర్లో ఉద్యోగం రొట్టె పట్టుకున్నప్పుడు, ఇచ్చినామెకి డబ్బులిచ్చిందా?"

నెల్లూరు వాళ్ళకి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని అడిగి పట్టుకుంటారు. ఆ కోరిక అంతకుముందే తీరినవాళ్ళు తెచ్చిన రొట్టె అది. మనకి తీరాక మనం రొట్టె చేసుకెళ్ళి, అడిగిన ఎవరికో ఇచ్చి రావాలి. కులమతాల పట్టింపు లేదు. మనకిచ్చిన మనిషి మళ్ళీ కనిపించాలని కూడా లేదు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేక నోటు తీసుకున్నాను. కానీ నాకు మనసొప్పలేదు. చెరువు దగ్గర ముక్కూమొహం తెలియని మనుషులకి ఆ పద్ధతి బాగుంటుంది. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళం ఊరికే ఎట్లా ఉంటాం?

రంజాన్‌కి ఇక్కడ సెలవు లేదు, అడిగి తీసుకోవాలి. ఆఫీసువాళ్ళేమో తేదీ ముందే చెప్పమంటారు. నెలవంక మన చేతిలో ఉందా? ఆ రోజో మర్నాడో తేలదు కాబట్టి రెండు రోజులూ కావలి తమ్ముడి కాల్స్ నేను చేస్తానని రాయించాను. తీరా చూస్తే అతనివి కారు మీద తిరిగే ఇళ్ళు, సగం ఇళ్ళకి బస్సే పోదు. బస్సు దారిలో ఉన్నవి నేను, మిగిలినవి ఒక మలయాళీ అమ్మాయి పంచుకున్నాం. ఓణంకి ఆమె కాల్స్ మేం చూడాలని అప్పుడే మాట తీసుకుంది. ఆ విషయంలో మహా గట్టిది.

ఈ దేశం వాళ్ళు కృతజ్ఞతని కార్డు మీద రాసిస్తారు. మొదట్లో, అంగట్లో కొన్న అట్టముక్కలో ఏముందిలే అనుకునేదాన్ని. నేను వెళ్ళే ఒక పెద్దావిడకి చేతులు వణుకుతాయి, చెంచా కూడా నిలవదు. ఆమె నా పేరు సగం పైకి, సగం కిందికి పోయిన అక్షరాలతో రాసిచ్చింది. డబ్బు తీసుకోకూడదు, చాక్లెట్ డబ్బా ఇచ్చినా ఆఫీసుకి చెప్పాలి అని మాకు రూలు. కార్డుకి ఏ రూలూ లేదు.

డిసెంబర్‌లో పనిచేసినందుకు జనవరిలో సెలవిచ్చారు. సంక్రాంతికి ఒంగోలు వచ్చాను. క్రిస్మస్‌కి మా అమ్మ చుట్టుపక్కల ఇళ్ళకి కజ్జికాయలు పంపితే, సంక్రాంతికి అవే గిన్నెల్లో అరిసెలు వస్తాయి. వాళ్ళ బాకీలు వాళ్ళు చూసుకుంటారు. నా బాకీ చీమకుర్తిలో ఉంది. మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు, నాతో చదువుకున్న స్నేహితురాలు చీమకుర్తి నుంచి వచ్చి ఆస్పత్రిలో రాత్రిళ్ళు పడుకుంది. దాని ఇంట్లో పనే దానికి తెమలదు, అయినా వచ్చింది.

సెంటు సీసా, చాక్లెట్లు, స్వెటరు తీసుకుని కనుమ రోజు వెళ్ళాను. వాళ్ళాయన గ్రానైట్ పాలిషింగ్‌లో పనిచేస్తాడు. నేను వెళ్ళే ఒక ఇంట్లో వంటగట్టు మీద నల్లరాయి, మధ్యలో బంగారు చుక్కలు చూసి ఫొటో పంపితే, "మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే వదినా" అని మురిసిపోయాడు. నా స్నేహితురాలు మాత్రం చాక్లెట్లు ఫ్రిజ్‌లో పెట్టి, సెంటు సీసా బీరువాలో దాచి, "ఎందుకే ఇవన్నీ" అంది. అంతలో లోపలి గదిలోంచి మూలుగు వినపడింది.

వాళ్ళ మామయ్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కుంగిపోయిన నవారు మంచం మీద ఎప్పుడు చూసినా వెల్లకిలే. పక్కకి ఒత్తిగిల్లించి చూస్తే నడుం కింద, తోకెముక దగ్గర ఎర్రగా కందింది. వేలితో నొక్కి వదిలాను. మామూలు ఎరుపైతే నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ రంగొస్తుంది. ఇది తెల్లబడలేదు. చర్మం పైకి విచ్చకపోయినా పుండు మొదలైందని దాని అర్థం.

"రోజూ నూనె రాసి గట్టిగా రుద్దుతున్నాం కదమ్మా, రక్తం ఆడుతుందని," అంది వాళ్ళత్తగారు.

"ఎర్రగా ఉన్నచోట రుద్దొద్దత్తయ్యా, లోపల ఇంకా దెబ్బతింటుంది."

పండగపూట ఈ పనేందని ఆమె సణిగింది. అయినా పరుపు వేసిన చెక్కమంచం మీదికి ఆయన్ని మార్చాం. దుప్పటిని నాలుగు మడతలు వేసి, భుజాల దగ్గర్నుంచి తొడల దాకా ఒంటి కిందికి తోశాం. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు దుప్పటి అంచు పట్టుకుని ఒకేసారి ఎత్తి జరపాలి, ఈడిస్తే చర్మం లేస్తుంది. పూర్తిగా పక్కకి తిప్పకుండా కాస్త వాలుగా ఉంచి వీపు వెనక దిండు పెట్టాం, మోకాళ్ళ మధ్య ఇంకోటి. నేనొకసారి చేసి చూపించి, తర్వాత వాళ్ళచేతే మళ్ళీ మళ్ళీ చేయించాను. చివరికి నా స్నేహితురాలు, వాళ్ళాయన ఇద్దరే చేయగలిగారు. రెండేసి గంటలకోసారి తిప్పమంటే గుర్తుండదేమో అన్నారు. వాళ్ళ పిల్లాడు తన పలక తెచ్చి 'కుడి, ఎడమ' అని వరసగా గంటలు రాసి మంచం కోడుకి కట్టాడు. ఆ ఎరుపు తగ్గకపోయినా, చర్మం విచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమని చెప్పి సాయంత్రం బస్సెక్కాను.

ఇప్పుడు నేను కాల్‌కీ కాల్‌కీ మధ్య బస్టాపులో ఉంటే నా స్నేహితురాలి దగ్గర్నుంచి ఫొటోలొస్తుంటాయి. నడుం దగ్గర ఎరుపు తగ్గింది. మొన్న మడమ కందిందని పంపింది. దిండు మడమ కింద కాదు, పిక్క కింద పెట్టు, మడమ దేనికీ ఆనకూడదు అని చెప్పాను. పది నిమిషాల్లో పెట్టి మళ్ళీ ఫొటో పంపింది. దిండు ఇంకొంచెం పైకి జరపమన్నాను.