ఖాళీ కావలసింది ఎవరి పడవ?

ఈ రోజు పెద్దగా ఏమీ జరగలేదు. ఉదయం మీటింగ్‌లో నేను మాట్లాడుతుంటే ఒక సహోద్యోగి మధ్యలో ఆపి, "ఇదంతా ఇప్పుడు అవసరమా?" అన్నాడు. అంతే. మధ్యాహ్నం దాకా ఆ మాట నన్ను వదల్లేదు.

కొంతకాలంగా ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తలైన స్టోయిక్కులనీ, చైనా తావో తత్వవేత్తలనీ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఇద్దరూ ప్రకృతికి అనుగుణంగా బతకమంటారు కాబట్టి రెండూ ఒకటేనని కొందరంటారు. నాకలా అనిపించదు. స్టోయిక్కుల దృష్టిలో మనిషి ప్రకృతి అంటే వివేకం, మంచిచెడ్డలు తూచి చూసుకునే శక్తి. తావో తత్వవేత్త జువాంగ్‌జి ఆ తూచే అలవాటునే అనుమానిస్తాడు. కోపం వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

స్టోయిక్ తత్వవేత్త మార్కస్ ఆరీలియస్ క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమ్ చక్రవర్తి. తన కోసం గ్రీకులో రాసుకున్న 'మెడిటేషన్స్' రెండో భాగం మొదట్లో, ఈ రోజు నాకు కృతజ్ఞత లేనివాళ్ళు, పొగరుబోతులు, అసూయపరులు ఎదురవుతారని పొద్దున్నే చెప్పుకుంటాడు. చాలామందికి గుర్తుండేది ఇంతవరకే. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి మాట. వాళ్ళూ నా బంధువులే, రక్తసంబంధం వల్ల కాదు, మా అందరిలో ఉన్నది ఒకే బుద్ధి కాబట్టి అంటాడు. రెండు చేతుల్లా, పై పళ్ళు, కింది పళ్ళలా కలిసి పనిచేయడానికే పుట్టామంటాడు.

జువాంగ్‌జి పుస్తకం ఇరవయ్యో అధ్యాయంలో ఒక పడవ కథ ఉంది. నది దాటుతుండగా ఖాళీ పడవ వచ్చి గుద్దుకుంటే ఎంత కోపిష్ఠికైనా కోపం రాదు. అందులో మనిషి కనిపిస్తే మాత్రం కేకలు, ఆ తర్వాత తిట్లు. ఎదుటివాణ్ణి ఖాళీ పడవ అనుకోమని దీనికి అర్థం చెబుతుంటారు. కానీ కథ చివర ఉన్నది అది కాదు. తనను తాను ఖాళీ చేసుకుని లోకంలో తిరిగేవాడికి ఎవరు హాని చేయగలరు, అని ఉంటుంది. ఖాళీ కావలసింది నా పడవే. ఇది ఎంత కష్టమో!

ఆఫీసులో మార్కస్ మాటే పట్టుకున్నాను. మధ్యాహ్నం ఆ సహోద్యోగి దగ్గరికి వెళ్ళి ఏ భాగం అనవసరం అనిపించిందని అడిగాను. గడువు గురించి మాట్లాడే టైమ్ ఉండదేమోనని తనకు టెన్షన్ అట. మాట్లాడుకున్నాం, పని పంచుకున్నాం. అతను ఇంకోలా జవాబిచ్చి ఉంటే? అది నా చేతిలో లేదు. అడగడమే నా వంతు. బానిసగా పుట్టిన స్టోయిక్ తత్వవేత్త ఎపిక్టెటస్ చెప్పింది ఇదే.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. "ఇప్పటికి గుర్తొచ్చానా?" అంది. సొంతవాళ్ళ దగ్గర మార్కస్, పరాయివాళ్ళ దగ్గర జువాంగ్‌జి పనికొస్తారని అనుకునేదాన్ని. ఈ రోజు సరిగ్గా తిరగబడింది. అక్క మాట న్యాయమా కాదా అని తూచడం మొదలుపెడితే అది కోర్టు అవుతుంది, సాక్ష్యాలన్నీ నా వైపే ఉంటాయి. నా కారణాలన్నీ పక్కన పెట్టి, "చెప్పక్కా" అన్నాను. చాలాసేపు మాట్లాడింది. తన మోకాళ్ళ నొప్పి సంగతి అప్పుడే తెలిసింది. నా సంజాయిషీ మొదలుపెట్టి ఉంటే అది చెప్పేదే కాదు.

రోమ్‌లోని మరో స్టోయిక్ సెనెకా రాత్రి దీపం తీసేశాక రోజంతా చేసినవీ అన్నవీ ఒక్కొక్కటిగా పరీక్షించుకునేవాడు. జువాంగ్‌జి ఆరో అధ్యాయంలో కన్ఫ్యూషియస్ శిష్యుడు యెన్ హుయ్, తాను కూర్చుని అన్నీ మరిచిపోతున్నానని గురువుతో అంటాడు. ఈ రెండింటినీ కలపాలని నాకు లేదు. ఆఫీసు సంగతి పూర్తిగా రాసి పెట్టుకుంటున్నాను, రేపటి పనికి కావాలి. అక్క మీద నాకున్న పాత ఫిర్యాదులు మాత్రం ఇక్కడ రాయను.