ఇంటి పెద్ద ఊళ్ళో లేడు: కార్న్‌వాల్‌లో మూడు రోజులు

మా సొంతూరు కుప్పం దగ్గర. మా ముత్తాత కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల్లో, గనిలోకి దిగి పనిచేసినాయన. మా చిన్నప్పుడు తాత చెప్పేవాడు, అక్కడ దొరలంటే అందరూ ఒకే రకం దొరలు కాదురా, కార్నిష్ దొరలని కొందరుండేవాళ్ళు, వాళ్ళకి బండరాయిని చూస్తేనే లోపల ఏముందో తెలిసిపోయేది అని. అప్పుడు కార్నిష్ అంటే ఏదో కంపెనీ పేరనుకున్నా. రెడింగ్‌లో ఉద్యోగానికొచ్చి నాలుగేళ్ళయ్యాక మ్యాప్ చూస్తుంటే ఇంగ్లండ్‌కి పడమటి కొసన కార్న్‌వాల్ కనబడింది, అప్పుడు వెలిగింది. 1880లో కోలార్ గనుల్ని పట్టాలెక్కించింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ, గని పని తెలిసిన మనుషుల్ని వాళ్ళు ఇక్కడి నుంచే ఎక్కువగా తీసుకెళ్ళారట. సరే, చూసొద్దామని మూడు రోజులు సెలవు పెట్టేశా.

రైల్లో నాలుగున్నర గంటలు. ప్లిమత్ దాటగానే టామర్ నది మీద బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టిన 1859 నాటి బ్రిడ్జి వస్తుంది, దాని మీద రైలు ఎడ్లబండిలా పోతుంది, అది దాటితే కార్న్‌వాల్. రెడ్‌రూత్‌లో దిగా. ఊళ్ళో పాత బీరు ఫ్యాక్టరీని బాగుచేసి 2019లో క్రెసెన్ కెర్నో అని జిల్లా రికార్డులన్నీ పెట్టారు, లోపల వెచ్చగా ఉంది, బయట గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. అందుకే నిజం చెప్పాలంటే అనుకున్న దానికంటే రెండు గంటలు ఎక్కువ కూర్చున్నా.

కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్లో 1881 జనాభా లెక్కల పేజీలు తెరిచి ఇచ్చింది. ఏప్రిల్ 3 రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో అక్కడ రాసుకున్న లెక్క అది. పేజీకి 25 వరసలు, పేరు, ఇంటి పెద్దకి ఏమవుతారు, పెళ్ళయిందా లేదా, వయసు, పని, ఎక్కడ పుట్టారు. వయసు గడి కూడా మగవాళ్ళకొకటి ఆడవాళ్ళకొకటి పక్కపక్కనే విడిగా ఉంటాయి, అంచేత పేర్లు చదవకపోయినా పర్లేదు, పేజీని కాస్త దూరంగా పెట్టుకుని చూస్తే ఏ వైపు అంకెలు ఎక్కువున్నాయో కనబడిపోతుంది. నేను పడమటి కొసన గనుల ఊరు సెయింట్ జస్ట్ వైపు పేజీలు తిప్పా. మగవాళ్ళ గడిలో 6, 9, 11, 14 ఇలా బాగానే నడుస్తుంది, ఇరవై దాటాక పలచబడిపోతుంది, మళ్ళీ యాభై, అరవై దగ్గర ఒకరిద్దరు. ఆడవాళ్ళ గడి మాత్రం పైనుంచి కిందిదాకా నిండుగా. కొన్ని ఇళ్ళలో మొదటి వరసలోనే ‘భార్య’ అని ఉంది, పని దగ్గర ‘గని కార్మికుడి భార్య’ అని ఉంది, ఆ కార్మికుడు మాత్రం ఆ పేజీలోనే లేడు. కింద నలుగురు పిల్లలు, ఒక ముసలి అత్త.

మా ఆవిడది జగిత్యాల వైపు. ఫోన్లో ఇదంతా చెప్తే "ఇందులో ఏముంది, మా వాడకట్టు మొత్తం ఇంతే గదా, మగోళ్ళంతా దుబాయ్" అంది. నేను రెండు గంటలు కూర్చుని పట్టుకున్నది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

వాళ్ళ దుబాయ్‌లు వేరు, అంతే. ఇక్కడివి రాగి, తగరం గనులు. 1866లో రాగి ధర కుప్పకూలింది, తర్వాత పదేళ్ళలో ఆస్ట్రేలియా తగరం, మలయా తగరం వచ్చి పడి ఇక్కడి తగరానికీ గిట్టుబాటు లేకుండా పోయింది. దాంతో వయసులో ఉన్నవాళ్ళంతా దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా, మెక్సికోలో పచూకా, అమెరికాలో మిషిగన్, కాలిఫోర్నియా, తర్వాత దక్షిణాఫ్రికా, మన కోలార్. 1861లో కార్న్‌వాల్ జనాభా 3,69,390. 1901కి 3,22,334. దేశం జనాభా దూసుకుపోతున్న రోజుల్లో ఈ జిల్లా తగ్గింది! మొత్తం ఇంగ్లండ్, వేల్స్ కలిపి చూసినా 1881లో వెయ్యిమంది మగాళ్ళకి 1,055 మంది ఆడవాళ్ళు (మనకి 2011లో 943, ఆ కథ వేరు, ఆ కారణాలు వేరు). పిల్లలేమో విపరీతం, పదిహేనేళ్ళలోపు వాళ్ళే మూడోవంతుకు పైన, అరవై అయిదు దాటినవాళ్ళు వందకి అయిదుగురు కూడా లేరు.

ఇంకో తమాషా. 1841 లెక్కల్లో పదిహేను దాటిన వాళ్ళ వయసుని అయిదు అయిదుగా కిందికి దించి రాయమన్నారు, అంటే 39 ఏళ్ళావిడ 35 అయిపోతుంది. తర్వాత సరిగ్గా రాయమన్నా అలవాటు పోలేదేమో, పదేళ్ళ తేడాతో ఒకే ఇంటిని చూస్తే ఒకావిడకి ఏడేళ్ళే పెరిగాయి. మా అవ్వని అడిగినా ‘పెద్ద తుఫాను అప్పుడు పుట్టినా’ అనేది కాబట్టి నేనేమీ అనను.

రెండో రోజు పెన్‌జాన్స్ మీదుగా బస్సులో బొటాలక్. కొండ అంచున, సముద్రం మీదికి వంగినట్టు రెండు ఇంజన్ ఇళ్ళు, అంటే గని కోసం ఆవిరి ఇంజన్లు పెట్టిన రాతి కట్టడాలు. గని సముద్రం అడుగుకి వెళ్తుంది. పైన రాయి కొట్టే పని ఆడపిల్లలదట, బాల్ మెయిడెన్స్ అనేవాళ్ళు, బాల్ అంటే కార్నిష్ భాషలో గని. ఎండకీ రాతి ముక్కలకీ ముఖం కాపాడుకోడానికి పెద్ద బట్ట టోపీ. అంటే లెక్కల్లో ఆడవాళ్ళ గడి నిండుగా ఉందని అన్నానే, వాళ్ళు ఊరికే కూర్చుని మనియార్డర్ కోసం ఎదురుచూసినవాళ్ళు కాదు. కొందరికి డబ్బు టైముకి వచ్చేది, కొందరికి రాను రాను ఆగిపోయేది.

అక్కడే పేస్టీ తిన్నా. అచ్చం మన కజ్జికాయకి పెద్దన్న, అంచు మడత కూడా అదే. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ పెడతారు, నేను చీజ్ ఉల్లిపాయది తీసుకున్నా. మెక్సికోలో పచూకాలో ఇప్పటికీ దీన్ని పాస్తె అని అమ్ముతారట, మిరపకాయ వేసి. ఉప్పు, మిరియాలు తప్ప ఇంకేమీ వేయని ఈ ఒరిజినల్ కంటే అదే బాగుంటుందని నా గట్టి నమ్మకం.

మూడో రోజు పొద్దున సెయింట్ జస్ట్ చర్చి వెనక సమాధుల మధ్య తిరిగా. పాత రాళ్ళ మీద నాచు పట్టేసి సగం అక్షరాలు పోయాయి. కోలార్ అని ఒక్క రాయి మీదైనా ఉంటుందేమోనని వేలితో తడుముకుంటూ రెండు మూడు వరసలు చూశా. దొరకలా. వాన అందుకుంది, బస్సుకి పది నిమిషాలే ఉంది, పరిగెత్తా.