బడ్జెట్ గేమింగ్ పీసీకి పార్ట్స్ ఎంచుకోవడం - నా అనుభవం

పార్ట్స్ ఫైనల్ చేయడానికి నాకు దాదాపు నెల పట్టింది. మొదటి లిస్టులో ప్రాసెసర్ 8 కోర్ల రైజెన్ 7 5700ఎక్స్ పెట్టేసి, మిగిలిన డబ్బులకి ఏ గ్రాఫిక్స్ కార్డు వస్తే అది అని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ రాసుకున్నా. గేమ్స్ ఎక్కువగా ఆధారపడేది గ్రాఫిక్స్ కార్డు మీదే కాబట్టి, గేమ్స్ కోసం కొనే పీసీకి ఇది పూర్తిగా తలకిందుల లెక్క.

స్పెక్స్ మొత్తం కూర్చుని చదివాక ఇంకో సంగతి తెలిసింది. ఆ కార్డుకి మెమరీ 4 జీబీనే, పైగా పీసీఐఈ లేన్లు (కార్డుకీ మిగతా పీసీకీ మధ్య డేటా నడిచే దారులు) 4 మాత్రమే వాడుతుంది, నేను అనుకున్న బీ450 మదర్‌బోర్డులో స్లాట్ ఏమో పీసీఐఈ 3.0 వెర్షన్, అంటే తర్వాతి వెర్షన్ 4.0లో వచ్చే స్పీడులో సగమే. ఆ 4 జీబీ నిండాక మిగతా టెక్స్చర్లన్నీ (గేమ్‌లో వస్తువుల మీద కనిపించే బొమ్మలు) సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి, అక్కడే గేమ్ ఆగి ఆగి నడవడం మొదలవుతుంది. కార్డు బాక్స్ చూసి కొనేవాళ్ళకి ఇది తెలిసే దారే లేదు, నాకు నిజంగా బాధేసింది.

అందుకే ఒక మెట్టు దిగి 6 కోర్ల రైజెన్ 5 5600 తీసుకున్నా, దీనికి కూలర్ బాక్స్‌లోనే వస్తుంది, 5700ఎక్స్‌కి రాదు. అలా మిగిలిందంతా ఆర్‌ఎక్స్ 6600 మీద పెట్టా. 8 జీబీ మెమరీ, 8 లేన్లు, 1080పీకి హాయిగా సరిపోతుంది, తినేది కూడా 132 వాట్లే కాబట్టి మంచి 550 వాట్ల పవర్ సప్లై చాలు. పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు ప్లీజ్. 80 ప్లస్ బ్రాంజ్ అన్న స్టిక్కర్ కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్తుంది అంతే, లోపల వాడిన సరుకు మంచిదా కాదా అనేది రివ్యూలు చదివే తెలుసుకోవాలి.

ఎక్కువ టెన్షన్ పడింది బోర్డు దగ్గర. బీ450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022లో, బయోస్ (బోర్డులోనే ఉండే, పీసీని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకపోతే పాత స్టాకు బోర్డు ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు, అప్‌డేట్ చేయాలంటే ముందు బూట్ అవ్వాలి, బూట్ అవ్వాలంటే పాత ప్రాసెసర్ ఉండాలి! అందుకని ప్రాసెసర్‌తో పని లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ అప్‌డేట్ చేసే ఫ్లాష్ బటన్ వెనకాల ఉన్న మోడలే వెతికి తీసుకున్నా. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ పేరు మాన్యువల్‌లో ఉన్నట్టు మార్చి, బటన్ నొక్కితే చిన్న ఎర్ర లైట్ మినుకుమినుకుమంటూ కొన్ని నిమిషాలు నడిచింది, అది ఆగేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు, డ్యూయల్ ఛానల్ కోసం, అంటే రెండు స్టిక్స్ నుంచీ ఒకేసారి డేటా వచ్చేలా. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టా. అంతా బిగించి విండోస్ ఎక్కించాక టాస్క్ మేనేజర్‌లో చూస్తే 3200 స్పీడు ర్యామ్ 2400లో నడుస్తోంది, గుండె జారిపోయింది, తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపించే సెట్టింగ్) ఆన్ చేస్తే వెంటనే 3200 చూపించింది.